ఆన్‌లైన్ కౌన్సెలింగ్: మొదటి సెషన్‌కు ముందు జాగ్రత్తలు

కొత్త ఊరు, ఉద్యోగం పోవడం, విడాకులు... కారణం ఏదైనా, టెన్షన్ తట్టుకోలేక వీడియో కౌన్సెలింగ్ బుక్ చేసుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదకొస్తే 112.

• అవతలి మనిషి ఏం చదివారో అడగండి. 'లైఫ్ కోచ్' అని ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్‌కు మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడిగితే నొచ్చుకునేవాళ్లను నేనైతే వదిలేస్తాను.

• మందులు వాడుతుంటే, కౌన్సెలింగ్ మొదలైంది కదా అని మానేయకండి. కొన్ని ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది పెడతాయి. మార్చాలన్నా ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి.

• ఎక్కడ కూర్చుని మాట్లాడతారో ముందే తేల్చుకోండి. మన ఇళ్లలో తలుపు వేసుకుంటే చాలు, 'ఏం చేస్తున్నావ్?' అని ఎవరో ఒకరు తడతారు. పక్కన మనిషి ఉంటే అసలు మాట నోట రాదు. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. గది దొరక్కపోతే ఆపి ఉంచిన కారైనా నయమే.

• పది సెషన్ల ప్యాకేజీ ముందే కొనొద్దు. ఒకటి రెండుసార్లు మాట్లాడితే గానీ కుదురుతుందో లేదో తెలియదు.