పళ్ళెం ఆగితే కీ దిగినట్టు కాదు: పాత గ్రామఫోన్ మోటారు విప్పేవాళ్ళకు జాగ్రత్తలు

ఈమధ్య ఒక కుర్రాడు అటక మీంచి తాతగారి హెచ్.ఎం.వి. 102 గ్రామఫోన్ పెట్టె దించాడు. హ్యాండిల్ తిప్పాడు, బ్రేకు తీశాడు, రికార్డు పెట్టే పళ్ళెం కదల్లేదు. కీ, అంటే హ్యాండిల్ తిప్పితే స్ప్రింగులో నిలిచే బిగువు, పోయిందనుకుని మోటారు బయటికి తీసి, పళ్ళెం వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ మరలు వదులు చేశాడు. కీ పోలేదు. ఎండి బంకలా మారిన నూనె గవర్నర్‌ని పట్టి ఉంచింది, గవర్నర్ స్ప్రింగుని పట్టి ఉంచింది. ఆ ఒక్క అడ్డు తీసేసరికి పళ్ళచక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగాయి. బొటనవేలికి కుట్లు పడ్డాయి, గవర్నర్ ఇరుసు మీద మరలా చుట్టుకున్న పళ్ళు (పురి) అరిగిపోయాయి.

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఇలాంటి పెట్టెలు చాలామందికి చేతికొస్తాయి. 102 మోడల్ 1931లో మొదలైంది. ఊళ్ళలో ఇప్పటికీ ఇవి దొరుకుతుంటాయి. పిల్లల్ని దూరంగా ఉంచండి, మరలు గిన్నెలో వేసుకోండి లాంటివి మీకు తెలిసినవే. తెలియక చేతులు కోసుకునేది మాత్రం ఒక్క పొరపాటుతో: పళ్ళెం ఆగింది కదా, కీ దిగిపోయిందిలే అనుకోవడం.

ముందు కీ దించాలి

బ్రేకు తీసి, వేగం మీట ఎక్కువకు పెట్టి, పళ్ళెం దానంతటది ఆగేదాకా వదిలేయండి. ఆగాక తిరిగే దిశలోనే చేత్తో మరో పది చుట్లు తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పళ్ళెం చెయ్యి విడిపించుకుని ముందుకు పోయిందా, కీ ఇంకా ఉంది. స్ప్రింగు చుట్టి ఉండే డ్రమ్ముని స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టండి. లోపల స్ప్రింగు పొరలు గ్రీజుకి అతుక్కుని ఉంటే ధబ్‌మని విడతాయి. ఆ శబ్దం వచ్చిందంటే ఇందాకటి దాకా కీ దాక్కుని ఉన్నట్టు. మళ్ళీ తిప్పండి.

తర్వాత హ్యాండిల్ పెట్టి అర చుట్టు తిప్పి చూడండి. మొదట్లోనే బరువుగా ఎదురు తన్నితే లోపల కీ ఉంది. వదులుగా, ఏమీ పట్టనట్టు తిరిగితేనే దిగింది.

చక్రాలు పూర్తిగా బిగుసుకుపోతే ఒకటే దారి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కాస్త ముందుకు తిప్పి, వెనక్కి తిరగనీయకుండా ఆపే రాచెట్ కొక్కేన్ని ఇంకొకరి చేత పైకెత్తించి, హ్యాండిల్‌ని చుట్టు చుట్టు వెనక్కి దించాలి. మధ్యలో చెయ్యి వదిలితే అది మణికట్టు విరగ్గొట్టగలదు. కొన్ని మోటార్లలో కొక్కెం బదులు షాఫ్టు చుట్టూ బిగిసే చుట్ట స్ప్రింగు ఉంటుంది. దాన్ని వదిలించడం ఒంటరిగా చేసే పని కాదు, తెలిసినవాళ్ళకు ఇవ్వండి.

డ్రమ్ము దగ్గర రెండో ఉచ్చు

కీ పూర్తిగా దిగినా డ్రమ్ములో స్ప్రింగు నిద్రపోదు. మీటర్ల పొడవు ఉక్కు పట్టీ అరచేతిలో పట్టే డ్రమ్ములోకి ముడుచుకుని, బయటికి తన్నుకుని కూర్చుంటుంది. విరిగిన ముక్క కూడా అంతే తన్నుతుంది. "స్ప్రింగు విరిగిందిగా, ఇంకేం చేస్తుంది" అని మూత తీసి లాగిన వాళ్ళకే ముఖాల మీద గీతలు పడతాయి. పట్టీ అంచు కత్తిలాంటిది.

మందపాటి తోలు చేతి తొడుగులు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా. డ్రమ్ముని బకెట్లో పెట్టి పైన గోనె సంచి కప్పండి. స్ప్రింగు ఏ వైపుకి చుట్టుకుని ఉందో ముందే ఫోటో తీసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు తిరగేస్తే లోపలి రంధ్రం షాఫ్టు కొక్కేనికి తగలదు, పనంతా మొదటికొస్తుంది. లోపలి కొసను ప్లయర్‌తో ఎత్తి ఒక్క చుట్టు బయటికి రానివ్వండి. మిగతా చుట్లను బొటనవేలితో అదిమి ఉంచి, డ్రమ్ము తిప్పుకుంటూ ఒక్కో చుట్టే వదలండి.

బయటికొచ్చాక కిరసనాయిల్లో నానబెట్టి గుడ్డతో పొడవునా తుడవండి, ఆరుబయటే. పట్టీని నిటారుగా సాగదీయొద్దు. రెండు కొసల్లో రంధ్రాల పక్క సన్నటి పగులు ఉందేమో వెలుతురులో చూడండి, ఎక్కువగా విరిగేది అక్కడే.

గ్రీజు

పాత పద్ధతి వాజలైన్‌లో గ్రాఫైట్ పొడి. చలవ ప్రాంతాలకు బాగానే ఉంటుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో వాజలైన్ కరిగి డ్రమ్ము సందుల్లోంచి కారుతుంది. మాలిబ్డినం కలిసిన లిథియం గ్రీజు మేలు. పట్టీ మీద పల్చటి పూత చాలు. డ్రమ్ము నింపేస్తే కారేది గవర్నర్ బిళ్ళ మీదికే, ఇక వేగం నిలవదు.

గవర్నర్ ఇరుసు రెండు చివర్లా కుట్టు మిషన్ ఆయిల్ ఒక్కో చుక్క. గవర్నర్ బిళ్ళని ఒరిసే మెత్త మీద ఒక చుక్క, ఎండిన మెత్త కీచుమంటుంది. పురి మీద కాస్త గ్రీజు.

ఇంకా కొన్ని:

కొబ్బరినూనె వద్దు. ఆముదం వద్దు. వంటనూనె అసలే వద్దు, ఆర్నెల్లలో జిగురవుతుంది.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి "నూనె వేశాం" అనుకోకండి. అది పాత గ్రీజుని కరిగిస్తుంది, దాని చోట నిలవదు.

గవర్నర్ బరువుల రేకు స్ప్రింగులు వంచొద్దు. ఒకటి వంగినా పాట ఊగుతుంది.

తుప్పు గుంటలు పడిన స్ప్రింగుని గరుకు కాగితంతో రుద్దకండి, మార్చేయండి.

కొత్త స్ప్రింగు విడిపోకుండా తీగతో కట్టేసి వస్తుంది. ఆ తీగ కూడా బకెట్లో పెట్టే, గోనె కిందే తెంచండి.

హ్యాండిల్ బిగిసిందాకా తిప్పకండి. బరువెక్కగానే ఆపండి.

పాట అయ్యాక మిగిలిన కీ తిరగనిచ్చి లోపల పెట్టండి.

కీ ఉండగా గవర్నర్ ముట్టుకోవద్దు. వేగం సరిచేయడానికైనా సరే, మరలు ముట్టుకోవద్దు.

పళ్ళెం ఆగింది అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. హ్యాండిల్ మీరే పట్టి చూడండి.

డ్రమ్ము మూత తీసే ముందు మళ్ళీ చూడండి. ఇందాక చూశాను అనొద్దు.