బిసి1 సంకీర్ణం, 4వ పాఠం: ప్రోటాన్ల లెక్క మళ్లీ మొదటి నుంచి

బిసి1 అంటే పొరలో ఉండి, క్వినాల్ నుంచి ఎలక్ట్రాన్లను సైటోక్రోమ్‌కు అందించే ప్రోటీన్ల సంకీర్ణం. పోయినసారి అభ్యాసంలో ఎక్కువమంది "బిసి1 నాలుగు ప్రోటాన్లను లోపలి నుంచి బయటికి తోస్తుంది" అని రాశారు. నాలుగు అన్న అంకె సరైనదే, వాక్యం తప్పు. దీన్ని సరిదిద్దకుండా ముందుకెళ్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి కాబట్టి, ముందు ఇది చూసి, రీస్కే ప్రోటీన్ (బిసి1లోని ఇనుము-గంధకం ప్రోటీన్) తల కదలికను వచ్చే పాఠంలో చూద్దాం.

మన బాక్టీరియా రోడోబాక్టర్ స్ఫీరాయిడీసే. క్యూఓ (బిసి1లో క్వినాల్ ఆక్సీకరణ చెందే చోటు) స్థానంలో ఒక యుబిక్వినాల్ (పొరలో తిరిగే ఎలక్ట్రాన్ వాహకం, క్లుప్తంగా క్వినాల్; దాని ఆక్సీకృత రూపం క్వినోన్) ఆక్సీకరణ చెందితే రెండు ప్రోటాన్లు పెరిప్లాజమ్ (బాక్టీరియా రెండు పొరల మధ్య చోటు) వైపు విడుదలవుతాయి. ఒక ఎలక్ట్రాన్ రీస్కే, సి1 (బిసి1లోని సైటోక్రోమ్) మీదుగా సైటోక్రోమ్ సి2 (పెరిప్లాజమ్‌లో తిరిగే ఎలక్ట్రాన్ వాహకం) చేరుతుంది. రెండోది బిఎల్, బిహెచ్ హీమ్‌ల (సైటోక్రోమ్ బిలో ఇనుమున్న రెండు భాగాల) మీదుగా క్యూఐకి (క్వినోన్ క్షయకరణం చెందే చోటుకి) వెళ్లి అక్కడి క్వినోన్‌ను సెమీక్వినోన్‌గా (ఒక ఎలక్ట్రాన్ అందుకున్న సగం రూపంగా) మారుస్తుంది. ఇది సగం చక్రం మాత్రమే. రెండో క్వినాల్ ఇదే దారిలో నడిచాక క్యూఐలో క్వినాల్ పూర్తవుతుంది; దానికి కావలసిన 2 ప్రోటాన్లు సైటోప్లాజమ్ వైపు నుంచి వస్తాయి.

అంటే రెండు క్వినాళ్లు ఖర్చయి ఒకటి తిరిగొచ్చింది. విడుదలైన ప్రోటాన్లు 4, తీసుకున్నవి 2. మిగతా రెండూ క్వినాల్ తనతో మోసుకొచ్చినవి. రియాక్షన్ సెంటర్‌లోని (వెలుగును పట్టే ప్రోటీన్‌లోని) క్యూబి అనే క్వినోన్ స్థానం దగ్గర, రెండు ఫోటాన్ల ఖర్చుతో ఆ క్వినాల్ తయారైనప్పుడే అవి సైటోప్లాజమ్ నుంచి దానిలో చేరాయి. సరిచూసుకోవడానికి నేను చర్య సమీకరణంలో ఆవేశాలు కూడతాను: ఎడమవైపు రెండు ఫెర్రిక్ సి2 (+6), 2 ప్రోటాన్లు, మొత్తం +8, కుడివైపు రెండు ఫెర్రస్ సి2 (+4), 4 ప్రోటాన్లు, మళ్లీ +8.

ఇక "లోపల", "బయట" అన్న మాటలు. దయచేసి వాడకండి. ప్రయోగాల్లో వాడే క్రోమటోఫోర్లు బాక్టీరియా పొర లోనికి ముడుచుకుని తెగిన బుడగలు. వాటిలో పెరిప్లాజమ్ వైపు బుడగ లోపల ఉంటుంది. అందుకే వెలుగు పడితే కణాల చుట్టూ ఉన్న మాధ్యమం ఆమ్లమవుతుంది, క్రోమటోఫోర్ల మాధ్యమంలో పిహెచ్ పెరుగుతుంది. సంకీర్ణం ఒకటే, ప్రోటాన్ల దిశా ఒకటే. పిహెచ్ కొలిచే ఎలక్ట్రోడ్ మాత్రం పొరకు అవతలి వైపు ఉంది. గుర్తు తారుమారైందని పరికరాన్ని అనుమానించకండి. క్యూవెట్‌లో (కొలత గాజుపాత్రలో) సి2కు బదులుగా ఎలక్ట్రాన్లు అందుకునే గుర్రపు గుండె సైటోక్రోమ్ సి కలిపి, వేగం సున్నా వచ్చిందని ఎంజైమ్ చచ్చిపోయిందనుకోవడం కూడా ఇదే పొరపాటు: బుడగ బాగా మూసుకుని ఉంటే, బయట కలిపిన సి లోపలివైపున్న సి1ను తాకలేదు. డోడెసిల్ మాల్టోసైడ్ అనే డిటర్జెంట్‌తో పొరను తెరిచి మళ్లీ కొలవండి. క్యూఐని అడ్డుకునే యాంటీమైసిన్ పొర దాటిపోతుంది, దానికి ఈ గొడవ లేదు.

కాబట్టి పెరిప్లాజమ్ వైపును పి అనీ, సైటోప్లాజమ్ వైపును ఎన్ అనీ రాయండి. కణంలోనైనా బుడగలోనైనా అవి మారవు.

అభ్యాసం: బిహెచ్ ఆక్సీకృతంగా, క్యూఐ యాంటీమైసిన్‌తో మూసుకుని ఉన్నప్పుడు, క్యూఓలో ఒక్క క్వినాల్ ఆక్సీకరణ చెందితే పి, ఎన్ వైపుల ప్రోటాన్లనూ, ఎలక్ట్రాన్లు ఆగిన చోట్లనూ రాయండి. రెండో క్వినాల్ ఎందుకు చిక్కుకుంటుందో చెప్పండి. యాంటీమైసిన్ బదులు క్యూఓను అడ్డుకునే స్టిగ్మాటెల్లిన్ వేసి మళ్లీ లెక్కకట్టండి. ఈ రెండింట్లో దేనిలో 561 నానోమీటర్ల దగ్గర (క్షయకరణం చెందిన బిహెచ్ వెలుగును శోషించే చోట) శోషణ పెరుగుతుందో కారణంతో రాయండి.