అంబాసిడర్ ముందు చక్రం ఊగుతుంటే

అనంతపురం ఎర్రమట్టి దారుల్లో తిరిగిన పాత అంబాసిడర్ ముందువైపు కటకటమంటే వెంటనే బుష్‌లన్నీ (కీళ్లలో ఉండే తొడుగులు) కొనేయకండి. చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగుతుంటే ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కమనండి. ఊగడం ఆగిందా, తేడా బేరింగ్‌లో ఉంది. అప్పుడూ ఊగుతోందంటే ట్రనియన్ (చక్రాన్ని ఆర్మ్‌కి కలిపే మరల కీలు) మరలు గానీ, ఆర్మ్ (చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి) బుష్‌లు గానీ అరిగినట్టు. కీలు మీద వేలు పెట్టి ఊపితే ఏది కదులుతోందో తెలిసిపోతుంది.

విప్పేముందు బండిని స్టాండ్ల మీద నిలపండి, ఒక్క జాకీని నమ్మొద్దు. దీనికి కాయిల్ స్ప్రింగు కాదు, టార్షన్ బార్, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీ. ఆర్మ్ కింద ఆసరా లేకుండా నట్లు వదులు చేస్తే ఆర్మ్ ఒక్కసారిగా కిందికి కొడుతుంది. బార్ పళ్ల దగ్గర పెయింటుతో గీత గీయండి, కుడి బార్ ఎడమవైపు వేయొద్దు. బార్ మీద ఉలి గాటు పడినా అక్కడే విరుగుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది బిగింపులో. చక్రం గాల్లో వేలాడుతుండగా రబ్బరు బుష్ నట్లు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలితిరిగి కొన్నాళ్లకే చినిగిపోతుంది. నట్లు వేలితో తిప్పి వదిలి, బండి నేలమీద తన బరువుతో కూర్చున్నాకే పూర్తిగా బిగించండి.

ట్రనియన్‌కి గ్రీజు మాత్రం చక్రం గాల్లో ఉన్నప్పుడే కొట్టాలి. బరువు పడితే మరల మధ్య సందు మూసుకుపోతుంది. నల్లటి పాత గ్రీజు పోయి కొత్తది బయటికి కనిపించేదాకా కొట్టండి. గ్రీజు ఎక్కించే నిపుల్ మూసుకుపోతే విప్పి కిరసనాయిల్లో కడగండి. చివర్లో అలైన్‌మెంట్ చూపించండి, లేకపోతే కొత్త టైర్లు అంచుల్లో అరుగుతాయి.