అమ్మానాన్నలు, పిల్లలతో కలిసి బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లడం ఎలా?

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. మొదటి పదిహేను రోజులు గుడికీ, షాపింగ్‌కీ, బంధువుల ఇళ్లకీ సరిపోతాయి. ఆ తర్వాత నాన్న కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ వీధిని చూడటం మొదలుపెడతారు. "ఏంట్రా ఈ ఊరు, మనిషన్నవాడు కనపడడు" అంటారు. డాలస్ పక్కన ఉన్న మా ఇంట్లో ఈ మాట వినపడిన వారానికే నేను బేస్‌బాల్ టికెట్లు తీశాను. వేలమంది ఒక్కచోట చేరి గొంతు చించుకుని అరిచే చోటికి ఆయన్ని తీసుకెళ్లాలనిపించింది. అప్పటి నుంచి ఏటా ఒక్కసారైనా ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం. ఇంట్లో మూడు తరాల వాళ్లుంటే ఇంతకంటే మంచి సాయంత్రం నాకు తెలియదు. కాకపోతే కాస్త ముందుగా సిద్ధం కావాలి.

ముందు మ్యాచ్ ఎంచుకోండి

అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి పోటీ మేజర్ లీగ్. అందులో 30 జట్లు. ఒక్కో జట్టు సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో సగం, అంటే 81, సొంతూళ్లో. మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆటే కాబట్టి తొందర పడక్కర్లేదు. వారం మధ్యలో వచ్చే మ్యాచ్‌కి టికెట్ చవక. న్యూయార్క్ యాంకీస్ లాంటి పేరున్న జట్టు వస్తే ధర పెరుగుతుంది. పెద్దవాళ్లకి మొదటి మ్యాచ్‌లో ఎవరు ఆడుతున్నారన్నది ముఖ్యం కాదు, మంగళవారం నాటి మ్యాచ్ చాలు.

సెలవు రోజునే వెళ్లాలనుకుంటే మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే, జూన్ మూడో ఆదివారం ఫాదర్స్ డే, జులై 4, సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే ఉన్నాయి. ఆ రోజున మీ ఊరి జట్టు ఇక్కడే ఆడుతోందో, వేరే ఊరు వెళ్లిందో ముందు చూసుకోండి. జులై 4న ఆట అయ్యాక బాణసంచా కాల్చే స్టేడియంలు చాలా ఉన్నాయి. చంటిపిల్లలుంటే చెవులకు పెట్టే హెడ్‌ఫోన్లు తప్పకుండా తీసుకెళ్లండి. మా చిన్నది మొదటి ఏడాది ఆ మోతకు నానమ్మ చీర చెంగులో తల దాచుకుని, ఆకాశం వైపు చూడనే లేదు.

బడి వయసు పిల్లలుంటే ఏప్రిల్ 15 కూడా గుర్తుంచుకోండి. 1947లో ఆ రోజున జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి, నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగ్‌లోకి రానివ్వని అడ్డుగోడను కూల్చాడు. అందుకే ఏటా ఆ రోజు ఆటగాళ్లందరూ ఆయన నంబర్ 42 వేసుకుని ఆడతారు. "నాన్నా, అందరికీ ఒకటే నంబర్ ఎందుకు?" అని పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. అప్పుడు తీరిగ్గా కూర్చుని చెప్పండి. ఆ కథ చెప్పాల్సింది తండ్రే.

పెద్ద స్టేడియం వద్దనుకుంటే కింది స్థాయి లీగ్, అంటే మైనర్ లీగ్ జట్లున్నాయి. డాలస్ దగ్గర, తెలుగువాళ్లు చాలామంది ఉండే ఫ్రిస్కోలోనే రఫ్‌రైడర్స్ అనే జట్టు ఉంది. వాళ్ల మైదానం అంచున నీళ్ల కాలువ ఉంటుంది, అందులో ట్యూబుల మీద తేలుతూ ఆట చూడొచ్చు. టికెట్ తక్కువ, మైదానం దగ్గర, నడక తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇదే నయం.

సీట్లు ఎక్కడ తీసుకోవాలి

టెక్సస్ జులై ఎండ గుంటూరు మే నెల ఎండకు ఏమీ తీసిపోదు. డాలస్ దగ్గరి ఆర్లింగ్టన్‌లో 2020లో తెరిచిన మేజర్ లీగ్ స్టేడియం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి మూసే పైకప్పు, ఏసీ ఉన్నాయి కాబట్టి అక్కడ ఎండ బాధ లేదు. పైకప్పు లేని స్టేడియంలలో మూడో బేస్ వైపు, అంటే బ్యాటర్ వెనక నుంచి చూస్తే ఎడమ వైపు, సీట్లు చూడండి. చాలా మైదానాల్లో సాయంత్రం సూర్యుడు ఆ వైపు వెనక దిగుతాడు, నీడ ముందుగా అక్కడికే వస్తుంది.

పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు బంతి తగలకుండా కట్టిన వల వెనకే కూర్చోండి. బ్యాట్ అంచుకు తగిలిన బంతి ప్రేక్షకుల్లోకి ఎంత వేగంగా వస్తుందంటే, ఫోన్ చూస్తున్నవాళ్లకి తప్పుకునే వ్యవధి కూడా ఉండదు. మరీ కింది వరుసలు కాకుండా, మెట్లు తక్కువ ఎక్కాల్సిన చోట, వరుస చివరి సీట్లు తీసుకుంటే అమ్మ బాత్రూమ్‌కి వెళ్లాలన్నా పదిమందిని లేపక్కర్లేదు.

ఆట గురించి ఇంట్లోనే చెప్పండి

ఈ ఒక్క పని చేస్తే మిగతావన్నీ సర్దుకుంటాయి. స్టేడియంలో ఆ గోలలో చెప్పడం కుదరదు. ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక ఒక కాగితం మీద వజ్రం ఆకారం గీసి చెప్పండి. క్రికెట్ తెలిసినవాళ్లకి అరగంట చాలు.

మా నాన్నకి నేను చెప్పిన వరుస ఇది. బౌలర్‌ని ఇక్కడ పిచర్ అంటారు. బంతి నేలకు తగలకుండా రావాలి, అంటే ప్రతి బంతీ ఫుల్‌టాస్ లాంటిదే. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముందున్న ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. బ్యాటర్ ఊపి తప్పిపోయినా, సరైన ఎత్తులో ప్లేట్ మీదుగా వచ్చిన బంతిని వదిలేసినా స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లకి అవుట్. పక్కకి వేసిన బంతిని ఆడకుండా వదిలేస్తే బాల్. అలాంటివి నాలుగైతే బ్యాటర్ ఊరికే నడిచి మొదటి బేస్‌కి వెళ్తాడు. వజ్రం నాలుగు మూలలే బేస్‌లు, నాలుగోది ప్లేటే. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగ్. ఇలా రెండు జట్లకూ తొమ్మిదేసి ఇన్నింగ్స్.

క్రికెట్ అభిమానులకి మింగుడుపడనివి రెండున్నాయి. ఒకటి, కీపర్ వెనక్కి కొట్టే షాట్‌కి ఇక్కడ విలువ లేదు. రెండు గీతల మధ్య, ఎదర ఉన్న భాగంలోకే కొట్టాలి. రెండోది, అక్కడ కొట్టాక పరుగు తీయాలా వద్దా అని ఆలోచించే వీలు లేదు, బ్యాట్ పడేసి పరిగెత్తాల్సిందే. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టేవాడు గొప్ప బ్యాటర్ అని చెప్పినప్పుడు నాన్న కాసేపు ఆలోచించి, "అంటే ఏడుసార్లు ఓడిపోయినా పర్వాలేదన్నమాట" అన్నారు. లెక్కల పరీక్షలో మార్కులు తగ్గి మూడు రోజులుగా ముభావంగా ఉన్న మా అబ్బాయి అప్పుడు తలెత్తి తాతయ్య వైపు చూశాడు.

నాన్నకి అన్నిటికంటే ఉత్సాహం తెచ్చింది మాత్రం ఇంకో సంగతి. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించిన గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం మాకు దగ్గరే. అది ఒకప్పుడు బేస్‌బాల్ మైదానం, దాన్నే క్రికెట్‌కి మార్చారు. అది విన్నాక ఆయనకి ఈ ఆట పరాయిదనిపించలేదు.

తిండి, సంచులు

సంచి ఎంత పెద్దదుండాలి, బయటి తిండి రానిస్తారా అన్న నియమాలు స్టేడియంకొకటి. బయల్దేరే ముందు ఆ స్టేడియం వెబ్‌సైట్‌లో చూడండి. తిండి రానిచ్చే చోటైతే పులిహోర, జంతికలు పారదర్శకమైన కవర్‌లో పెట్టుకోండి. లోపల కొనేటప్పుడు హాట్‌డాగ్ బీఫ్‌దో పోర్క్‌దో అయి ఉంటుందని పెద్దవాళ్లకి ముందే చెప్పాలి. పాప్‌కార్న్, ప్రెట్జెల్, చీజ్ వేసిన నాచోస్ శాకాహారులకి సరిపోతాయి.

వేరుశనక్కాయలు మాత్రం తప్పక కొనండి. బేస్‌బాల్‌కి వాటితో వందేళ్లకు పైబడిన స్నేహం. తొక్కలు కిందే పారేయడం ఇక్కడి అలవాటు. మా అమ్మకి అది నచ్చలేదు. తను తిన్నవీ, మేం తిన్నవీ ఏరి కవర్‌లో వేసింది. పక్క సీటులోని పెద్దావిడ అది చూసి తన తొక్కలు కూడా అమ్మ కవర్‌లోనే వేయడం మొదలుపెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆట అయ్యేసరికి ఆ కవర్ నిండిపోయింది.

బీరు సంగతి

ఇది ఇబ్బందిగా అనిపించే విషయమే, కానీ మాట్లాడుకోవాలి. సాయంత్రం, పచ్చటి మైదానం, చేతిలో చల్లటి బీరు, ఇవి ఈ ఆటలో భాగం. మన ఇళ్లలో నాన్న ముందు తాగే అలవాటు చాలామందికి లేదు. బాత్రూమ్‌కి వెళ్లొస్తానని చెప్పి స్టాల్ వెనక నిలబడి గబగబా తాగి, నోట్లో బబుల్‌గమ్ వేసుకుని వచ్చేవాళ్లని చూశాను. అలా చేయొద్దు. ముందే అడగండి.

నేను కారు దిగకముందే అడిగాను. "నాన్నా, లోపల ఒక బీరు తాగుతాను, ఏమీ అనుకోవుగా?" ఆయన కాసేపు మాట్లాడలేదు. సీటు బెల్టు తీసుకుని, "వచ్చేటప్పుడు బండి ఎవరు నడుపుతారు?" అన్నారు. వెనక సీటు నుంచి మా ఆవిడ "నేను నడుపుతాను మావయ్యగారూ" అంది. "అయితే సరే" అన్నారు. అంతే. ఆయన అడిగిన ఆ ప్రశ్నే అసలైనది. ఎవరు నడపాలన్నది తేలాకే గ్లాసు పట్టుకోవాలి.

కొన్ని వివరాలు. 21 నిండిన వాళ్లకే అమ్ముతారు, తల నెరిసినా ఐడీ అడగొచ్చు. మీ నాన్నగారికి కావాలంటే పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 12 ఔన్సుల బీరు ఒక డ్రింక్ లెక్క. స్టేడియంలో అమ్మే పొడుగు డబ్బాలు 24, 25 ఔన్సులుంటాయి, అంటే ఒక డబ్బా తాగితే రెండు తాగినట్టే. ఆట చివరి భాగంలో, చాలాచోట్ల ఏడో ఇన్నింగ్స్ తర్వాత, అమ్మకం ఆపేస్తారు. నేను మూడో ఇన్నింగ్స్‌లో ఒక చిన్నది తీసుకుంటాను, ఆరో ఇన్నింగ్స్ దాకా అదే.

పిల్లలకి రూట్ బీర్ కొనేముందు అమ్మకి ఒక మాట చెప్పండి. అది పేరుకే బీరు, నిజానికి తియ్యటి సోడా. మేం చెప్పలేదు. ఏడేళ్ల పిల్ల "నానమ్మా, నా బీరు పట్టుకో" అనేసరికి అమ్మ మొహం చూడాలి. ఒక గుక్క రుచి చూపించాక గానీ నమ్మలేదు. చూశాక మొహం చిట్లించి "దగ్గు మందులా ఉంది" అని తిరిగి ఇచ్చేసింది.

స్కోరు చేత్తో రాయండి

ఫోన్‌లో స్కోరు వస్తుంది నిజమే. అయినా కాగితం, పెన్సిలు తీసుకెళ్లి మీ పిల్లలతో, మీ నాన్నతో రాయించండి. ఆటగాళ్ల స్థానాలకి అంకెలుంటాయి. పిచర్ 1, మన కీపర్ లాంటి క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఎడమ ఫీల్డర్ 7, మధ్య 8, కుడి 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్‌కి, అక్కడి నుంచి మొదటి బేస్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. స్ట్రైక్‌లతో అవుటైతే ఇంగ్లిష్ కే అక్షరం, చివరి స్ట్రైక్‌ని ఊపకుండా చూస్తూ నిలబడితే అదే కే తిరగేసి. ఈ పద్ధతికి బాటలు వేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాసిన విలేకరి.

మా నాన్న బ్యాంకులో లెడ్జర్లు రాసి రిటైరైన మనిషి. పెన్సిలు చేతికిచ్చిన రెండో ఇన్నింగ్స్ నుంచి ఆయన తల ఎత్తితే మైదానం, దించితే కాగితం. మనవడు "తాతయ్యా, 6-4-3!" అని అరిస్తే, "ఆగరా, రాస్తున్నా" అన్నారు. మూడు గంటల్లో వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా ఫోన్ ముట్టుకోలేదు.

ఆట ఎక్కువసేపు సాగుతుందేమోనని భయపడకండి. ఇన్ని సెకన్లలో బంతి వేసేయాలని 2023లో పిచర్‌కి గడియారం పెట్టాక సగటున రెండు గంటల నలభై నిమిషాలకే అయిపోతోంది. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్లు విరుచుకుంటూ పాట పాడతారు. అమ్మానాన్నల్ని లేపి నాలుగడుగులు వేయించడానికి అదే సమయం. చాలా స్టేడియంలలో పిల్లలకి "ఇది నా మొదటి మ్యాచ్" అనే సర్టిఫికెట్ ఉచితంగా ఇస్తారు, గెస్ట్ సర్వీసెస్ దగ్గర అడగండి. పెద్దవాళ్లకి కూడా అడగండి. మా నాన్నకి ఇచ్చారు.

ఇంటికి రావడం

ఆర్లింగ్టన్ స్టేడియం దగ్గరికి రైలు లేదు, కారే గతి. పార్కింగ్ టికెట్ ముందే కొనండి, బండి పెట్టిన చోటు ఫోటో తీసుకోండి. ఆట అయ్యాక వెంటనే పరిగెత్తకుండా పావుగంట సీట్లోనే కూర్చుంటే రద్దీ తగ్గుతుంది. ఆ పావుగంటలో మిగిలిన పులిహోర అయిపోతుంది.

స్కోరు కాగితాన్ని పారేయకండి. మా నాన్న దాన్ని మడిచి పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టుకుని తెనాలి తీసుకెళ్లారు. ఇక్కడ సాయంత్రం ఏడింటికి ఆట మొదలైతే అక్కడ తెల్లవారి ఐదున్నర. కాఫీ తాగుతూ మనవడికి మెసేజ్ పెడతారు: "ఇవాళ 6-4-3 ఏమన్నా పడిందా?"