తొలిసారి బిజినెస్ క్లాసులో అమెరికాకు: శ్రీకాకుళం నుంచి బయలుదేరే పెద్దవాళ్ళ కోసం

అమెరికాలో ఉన్న పిల్లలు టికెట్ తీసి వాట్సాప్‌లో పంపిస్తారు. అందులో బిజినెస్ అన్న మాట కనబడగానే ఇంటి గుమ్మం నుంచి డల్లాస్ దాకా అంతా సుఖమే అనుకుంటారు పెద్దవాళ్ళు. కానీ ఆ సుఖం టికెట్లో ఏ ముక్కకు రాసి ఉంటే ఆ ముక్కకే. అటక మీంచి సూట్‌కేసు దించకముందే టికెట్ తెరిచి వైజాగ్–హైదరాబాద్, హైదరాబాద్–దుబాయ్, దుబాయ్–డల్లాస్ అని ఒక్కో ముక్కకు ఎదురుగా ఏ క్లాసు ఉందో విడివిడిగా చూడండి. చవకగా దొరికిన బిజినెస్ టికెట్లలో ఒక ముక్క ఎకానమీగా ఉండటం మామూలే. అది నాలుగు గంటల హైదరాబాద్–దుబాయ్ అయితే పెద్ద నష్టం లేదు. పదహారు గంటల దుబాయ్–డల్లాస్ అయితే మాత్రం అంత డబ్బూ పోసి కూర్చునే వెళ్తారు. ఒక్క ముక్కకే డబ్బు సరిపోతుందనుకుంటే ఆ పొడవాటి దానికే పెట్టాలి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి బిజినెస్ టికెట్ మీద జీఎస్టీ 18 శాతం అయింది, ఎకానమీకి 5 శాతమే.

బిజినెస్ టికెట్లలోనూ రకాలున్నాయి. కొన్ని సంస్థల్లో అన్నిటికంటే తక్కువ ధరకు దొరికే బిజినెస్ టికెట్‌కు లాంజ్ (విమానాశ్రయంలోని విశ్రాంతి గది) ఉండదు, సీటు ముందుగా ఉచితంగా ఎంచుకోనివ్వరు. ఎకానమీ కొని వేలంలోనో మైళ్ళతోనో పై క్లాసుకు మారితే, సామాను పరిమితి పాత ఎకానమీదే మిగలొచ్చు. ఈ రెండూ టికెట్ నిబంధనల్లో రాసే ఉంటాయి, చదివేవాళ్ళే ఉండరు. ఇక ఇంటికి కారు పంపుతారనే మాట: కొన్ని సంస్థలు కొన్ని ఊళ్ళలో, కొన్ని కిలోమీటర్ల వరకే పంపుతాయి. ఆ కారు సింహద్వారం దాకా వస్తుందని ఎదురుచూడకండి.

అసలు చిక్కు వైజాగ్–హైదరాబాద్ ముక్కతోనే

అమెరికా వెళ్ళే బిజినెస్ టికెట్‌కు సాధారణంగా మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 32 కిలోల దాకా ఇస్తారు. అంటే 64 కిలోలు. కానీ వైజాగ్–హైదరాబాద్ టికెట్‌ను విడిగా కొంటే దాని లెక్క దానిదే. దేశీయ ఎకానమీలో సాధారణంగా మనిషికి 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. భార్యాభర్తలిద్దరూ నాలుగు పెట్టెలూ నిండా సర్దుకుని వైజాగ్ కౌంటర్ దగ్గర నిలబడితే 98 కిలోలు అదనమవుతుంది. అక్కడ కట్టే రేటు, ముందే ఆన్‌లైన్‌లో కట్టే రేటుకంటే ఎక్కువ. హైదరాబాద్ నుంచి బిజినెస్సేనని ఎంత చెప్పినా ఆ కౌంటర్‌కు అది పట్టదు.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, వైజాగ్ నుంచి డల్లాస్ దాకా ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద టికెట్ తీయించడం. ధర కొంచెం ఎక్కువైనా ఇదే మంచిది. సామాను పరిమితి మొత్తం ప్రయాణానికి ఒకటే వర్తిస్తుంది, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానం చూపించే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. ఈ పద్ధతిలో వైజాగ్‌లో పెట్టెలకు కట్టే ట్యాగ్ మీద చివరి ఊరి కోడ్, డల్లాస్ అయితే డీఎఫ్‌డబ్ల్యూ, ఉందో లేదో అక్కడే నిలబడి చూడండి. హైదరాబాద్ కోడ్ హెచ్‌వైడీ మాత్రమే ఉంటే ఆ పెట్టె హైదరాబాద్‌లోనే దిగిపోతుంది.

రెండోది రైలు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లోనో, విజయనగరంలోనో ఎక్కితే ఫస్ట్ ఏసీలో మనిషికి 70 కిలోలు, సెకండ్ ఏసీలో 50, థర్డ్ ఏసీలో 40 కిలోలు ఉచితం. ఫస్ట్ ఏసీ అయితే 64 కిలోల లెక్క హాయిగా సరిపోతుంది. కానీ విమానం రోజునే దిగేలా పెట్టుకోకండి, ఒక రోజు ముందే హైదరాబాద్ చేరండి. మూడోది కారులో నేరుగా శంషాబాద్ వెళ్ళడం. సుమారు 700 కిలోమీటర్లు. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళకు అది శిక్ష, ఆ తర్వాత ఎంత మెత్తటి సీటిచ్చినా ఆ నొప్పి పోదు.

విడి టికెట్లతోనే వెళ్ళక తప్పకపోతే రెండు విమానాల మధ్య కనీసం ఐదారు గంటలు ఉంచండి. హైదరాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ ప్రయాణాలు ఒకే టెర్మినల్‌లో ఉన్నా, సామాను తీసుకుని బయటికొచ్చి, మళ్ళీ పైఅంతస్తు గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్ళాలి. శ్రీకాకుళం నుంచి వైజాగ్ విమానాశ్రయానికి మామూలుగా రెండున్నర, మూడు గంటలు. మధురవాడ, హనుమంతవాక, ఎన్ఏడీ మీదుగా సాయంత్రం పూట వెళ్తే ఇంకో అరగంట కలపండి. టికెట్ మీద విమానాశ్రయం పేరు భోగాపురం అని ఉందేమో కూడా చూసుకోండి. అది హైవే పక్కనే, శ్రీకాకుళం–వైజాగ్ దారి మధ్యలోనే తగులుతుంది.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే డబ్బు కట్టినా తీసుకోరు, మోసే కార్మికుల భద్రత కోసం పెట్టిన హద్దు అది. ఖాళీ సూట్‌కేసే నాలుగైదు కిలోలుంటుంది కాబట్టి ఇంట్లో తూచేటప్పుడు 30 దగ్గర ఆపండి.

పూజ సామాను దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. కర్పూరం, అగ్గిపెట్టె, ఎండు కొబ్బరి మూడూ పెట్టెలో పెట్టకూడదు. కర్పూరం మండే పదార్థం, ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువై తనంతట తనే వేడెక్కే గుణం ఉంది. వీటివల్ల స్కానింగ్ దగ్గర పెట్టె విప్పితే, కట్టిన తాళ్ళూ చుట్టిన ప్లాస్టిక్కూ మళ్ళీ మొదటికే. బుడితి ఇత్తడి బిందెలు, దీపపు కుందులు నిషేధం కాదు గానీ ఎక్స్‌రేలో దట్టంగా కనబడతాయి. వాటిని పైన పెడితే విప్పి చూడటం తేలిక.

ఆవకాయ చేతి సంచిలో వద్దు. నూనె, రసం ఉన్నదేదైనా 100 మిల్లీలీటర్ల లెక్కలోకే వస్తుంది. పెద్ద పెట్టెలో పెట్టేటప్పుడు కూడా సీసా అంచు దాకా నింపకూడదు. పైన గాలి ఒత్తిడి తగ్గేసరికి లోపలి గాలి వ్యాకోచించి నూనెను మూతలోంచి తోసేస్తుంది. రెండు వేళ్ళ ఖాళీ వదిలి, మూత కింద ప్లాస్టిక్ పొర వేసి, రెండు కవర్లలో విడివిడిగా బిగించండి. అంతకంటే మేలు, దుకాణంలో వేడితో అతికించే ప్యాకెట్లలో పోయించుకోవడం. పలాస జీడిపప్పుకు ఈ గొడవేం లేదు. అమెరికాలో దిగాక మాత్రం తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. లేవని చెప్పి దొరికితేనే జరిమానా.

మందులు, ఇన్సులిన్, నగలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. ఇన్సులిన్ కింద సామాను గదిలో గడ్డకడితే పనికిరాదు. పవర్ బ్యాంకు 100 వాట్ అవర్ లోపు ఉండాలి, 20,000 ఎంఏహెచ్ రాసి ఉన్నది సుమారు 74 అవుతుంది. చాలా సంస్థలు దాన్ని విమానంలో వాడనివ్వడం లేదు. బిజినెస్ సీటు దగ్గర ప్లగ్గు ఎలాగూ ఉంటుంది.

సీటు ఎంచుకోవడం

సీట్ల పటంలో 1-2-1 (కిటికీల పక్కన ఒక్కోటి, మధ్యలో రెండు) అని ఉంటే ఎవరినీ దాటకుండానే నడవాలోకి రావొచ్చు. 2-3-2 ఉంటే నడుమ సీటు, కిటికీ సీటు వాళ్ళు పక్కవాళ్ళను దాటాలి. ఎమిరేట్స్ పాత 777ల్లో ఈ రెండో వరసే, అదే సంస్థ ఏ380లో పైఅంతస్తున 1-2-1. అందుకే ఎయిర్‌లైన్స్ పేరు ఒక్కటే చూడకుండా విమానం రకం కూడా చూడాలి. దంపతులకు 1-2-1లో మధ్య జంట సీట్లు బాగుంటాయి. బాత్రూం, గ్యాలీ (సిబ్బంది భోజనాలు సర్దే చోటు) పక్క వరస వద్దు, రాత్రంతా తలుపు చప్పుడూ గిన్నెల చప్పుడూ. చాలా సీట్లలో పాదాలు ముందు సీటు పక్కనున్న ఇరుకు గూట్లోకి దూరతాయి. పొడుగు మనిషికి, కాళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళకు అది ఊపిరాడనట్టు ఉంటుంది. మొదటి వరసలో ఆ గూడు సాధారణంగా వెడల్పు.

విమానాశ్రయంలో

బిజినెస్ కౌంటర్ వేరు. ఎకానమీ వరసలో నిలబడి అరగంట గడిపేవాళ్ళు చాలామంది, బోర్డు మీద బిజినెస్ అని వెతకండి. ఇమిగ్రేషన్ వరస మాత్రం క్లాసును బట్టి చిన్నదవుతుందని అనుకోకండి. మన పౌరులు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే కార్డు) ఉన్నవాళ్ళు ఎఫ్‌టీఐ–టీటీపీ అనే ఉచిత పథకంలో ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని వేలిముద్రలిస్తే, హైదరాబాద్‌లో ఇ-గేట్ల ద్వారా దాటొచ్చు. ముఖాన్ని గుర్తించి గేటు దాటించే డిజియాత్ర దేశీయ ప్రయాణానికే పనికొస్తుంది.

బాగా నడవగలిగినవాళ్ళకు భాష రాదని పిల్లలు వీల్‌చెయిర్ పెట్టేస్తుంటారు. అందులో ఎక్కితే సాధారణంగా అందరికంటే ముందు ఎక్కించి, అందరూ దిగాక దించుతారు. ముందుగా దిగే సౌకర్యం పోతుంది. దారి చూపే మనిషి చాలనుకుంటే ఆ సాయం విడిగా అడగండి. మోకాళ్ళు నిజంగా సహకరించకపోతే మొహమాటపడకుండా 48 గంటల ముందే వీల్‌చెయిర్ పెట్టించండి.

లాంజ్‌లో తిండి, స్నానం ఉచితమే. అయితే చాలా లాంజ్‌లలో విమానం పేరు చెప్పి పిలవరు. గేటు బయలుదేరే సమయానికి ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు, టీవీ తెర చూసుకుని మీరే లేవాలి.

లోపల

ఎక్కగానే పానీయం ఇస్తారు, వేడి తువ్వాలు ముఖానికీ చేతులకీ. మందు వద్దనుకుంటే నిమ్మరసమో నీళ్ళో అడగండి. భోజనం పళ్ళెం మీద ఒకేసారి రాదు, ఒక్కోటీ వరసగా వస్తుంది. అది అయిపోయిందనుకుని నిద్రపోయేవాళ్ళు ఉన్నారు. శాకాహారులు 24 గంటల ముందే ఏషియన్ వెజిటేరియన్ పెట్టించుకోవాలి. దాని కోడ్ ఏవీఎంఎల్. హైదరాబాద్ నుంచి వెళ్ళేటప్పుడు మెనూలో శాకాహారం మామూలుగానే ఉంటుంది కాబట్టి, ప్రత్యేక భోజనం రాయించి మెనూలో ఎంచుకునే వీలు పోగొట్టుకోవాలా అన్నది ఆలోచించండి. తిరుగు ప్రయాణంలో మాత్రం రాయించడమే నయం. గాలి పొడిగా ఉండి ఉప్పు, తీపి తక్కువగా తెలుస్తాయి, చప్పగా ఉందని వంటవాణ్ణి తిట్టక్కర్లేదు.

సీటు పక్కన బొమ్మలున్న మీటలుంటాయి. పడుకునే బొమ్మ నొక్కి, సీటు ఆగేదాకా పట్టుకోవాలి, వేలు తీస్తే అక్కడే ఆగుతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నిటారుగానే. పడుకోవాలనుకుంటే సిబ్బందితో "బెడ్ ప్లీజ్" అంటే చాలు, చాలా సంస్థల్లో వాళ్ళే పరుపు వేసి దుప్పటి పరుస్తారు. అడగనిదే అమ్మయినా పెట్టదు, ఇక్కడా అంతే. బెల్టు దుప్పటి పైన కనబడేలా పెట్టుకుంటే కుదుపుల్లో మిమ్మల్ని లేపి అడగరు. చీర కొంగు, కుచ్చెళ్ళు, దుప్పటి అంచు సీటు సందులోకి జారకుండా చూసుకోండి. పొందూరు ఖద్దరు కట్టుకుంటే దిగేసరికి నలిగిపోతుంది, వదులు జుబ్బానో నైటీనో సంచిలో పెట్టుకుంటే నయం.

ఫోను సీటు సందులో పడిందా, మీట ముట్టుకోకండి. సీటు కదిలితే ఫోను నలిగి బ్యాటరీ మంటలంటుకోవచ్చు. సీటు అలాగే ఉంచి, గంట నొక్కి సిబ్బందిని పిలవాలి. వాళ్ళకు దీనిపై శిక్షణ ఉంటుంది.

పడక నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. రాత్రి బాత్రూంకు లేవాలంటే ముందు సీటును కూర్చునే స్థితికి తెచ్చి, తర్వాత లేవండి, మోకాళ్ళ మీద బరువు తగ్గుతుంది. బాత్రూంలో చెంబు ఉండదు, ఖాళీ సీసా ఒకటి దగ్గర పెట్టుకుంటే ఇబ్బంది తప్పుతుంది.

పడుకుని వెళ్ళినంత మాత్రాన కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పోదు. మెలకువలో ఉన్నప్పుడు రెండు గంటలకోసారి నడవాలో నాలుగడుగులు వేయండి, పాదాలు పైకీ కిందికీ ఆడించండి. గుండె జబ్బు, ఇదివరకు గడ్డలు ఉన్నవాళ్ళు బిగుతు మేజోళ్ళ గురించి డాక్టరును అడిగి వెళ్ళాలి. ఇన్సులిన్ వేళల సంగతీ అంతే. డల్లాస్ మనకంటే శీతాకాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక. ఆ రోజు పొడవైపోతుంది కాబట్టి ఏ డోసు ఎప్పుడన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

అమెరికాలో మొదట దిగే ఊళ్ళో పెట్టెలు మీరే తీసుకుని కస్టమ్స్ దాటించి, ఇంకో ఊరు వెళ్ళాలంటే మళ్ళీ అప్పగించాలి, ట్యాగ్ చివరి ఊరిదాకా ఉన్నా సరే. కిట్టు సంచి, చెప్పులు మీవే. దుప్పటి, హెడ్‌ఫోన్లు తిరిగిచ్చేయాలి.

సీటు పనిచేయక పడక రాకపోతే విమానంలోనే సిబ్బందికి చెప్పి వాళ్ళ రికార్డులో రాయించండి, ఫోటో తీయండి, దిగాక ఫిర్యాదుకు అదే ఆధారం. సీటు లేదని ఎకానమీలోకి పంపితే, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో 1,500 కిలోమీటర్ల లోపు 30 శాతం, 3,500 లోపు 50 శాతం, ఆపైన 75 శాతం పన్నులతో సహా టికెట్ ధర తిరిగివ్వాలి. హైదరాబాద్–దుబాయ్ 50 శాతం వర్గంలోకి వస్తుంది. విదేశీ సంస్థ అయితే వాళ్ళ దేశపు నిబంధనలు వర్తించవచ్చు. ఏదైనా కౌంటర్ దగ్గరే కాగితం మీద రాయించుకుని, బోర్డింగ్ పాస్ ముక్కతో కలిపి దాచండి.