పాత లిబరేటర్ కిట్‌ను అతుకు కనబడకుండా కట్టడం ఎలా?

ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ మోడల్ కంపెనీ వాళ్ల 1/72 స్కేలు (అసలు విమానంలో 72వ వంతు) బి-24 లిబరేటర్ బాంబర్ ప్లాస్టిక్ కిట్ 1963 నాటిది. పాత పెట్టెలు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. దాన్ని భారత వాయుసేన వెండి రంగులో కట్టాలని మనవాళ్లకు సరదా. ఉండదా మరి? రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు పనికిరాకుండా చేసి కాన్పూరులో వదిలేసి పోయిన లిబరేటర్లను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్.ఎ.ఎల్.) వాళ్లు బాగుచేసి మళ్లీ ఎగిరించారు. అవి 1968 దాకా సేవలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పుడు బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలోనే ఉంది.

కానీ నాకు కనబడే వెండి లిబరేటర్లలో చాలావాటి వీపు మీద ముక్కు నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. అడిగితే "రంగు సరిగ్గా పడలేదండీ" అంటారు. రంగు బాగానే పడింది. అతుకే సరిగ్గా పడలేదు.

సామాను

కత్తి, నీళ్లలా పల్చటి ప్లాస్టిక్ సిమెంటు (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు), ఫెవిక్విక్, టాల్కమ్ పౌడర్, మాస్కింగ్ టేపు, 400 నుంచి 2000 నంబరు దాకా ఎమరీ పేపర్లు, ఎయిర్‌బ్రష్ (రంగును గాలితో చిమ్మే పరికరం). ట్యూబులో వచ్చే చిక్కటి జిగురు ఇంట్లో ఉంటే పిల్లల ప్రాజెక్టులకు ఇచ్చేయండి.

1. కడగడం, రివెట్లు తీసేయడం

ముక్కలన్నీ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. తర్వాత పైనున్న రివెట్లన్నీ అరగదీసేయండి. "పాత కిట్టు అందమే అది" అని బాధపడేవాళ్లుంటారు. ఒక్కసారి లెక్క వేసుకోండి: అర మిల్లీమీటరు బొడిపె అసలు విమానం మీద 36 మిల్లీమీటర్లు అవుతుంది. అంత లావు రివెట్లతో ఏ విమానమూ ఎగరదు.

2. ముక్కులో బరువు

బరువు పెట్టకపోతే ఇది తోక మీద కూర్చుంటుంది. ముక్కంతా అద్దాలే కాబట్టి అక్కడ దాచడానికి చోటుండదు. కాక్‌పిట్ వెనక, ముందు చక్రం గది పైన, ఇంజన్ల లోపల గాలానికి కట్టే సీసం గుండ్లు కుక్కండి. వాటిని ఆరల్డైట్‌తోనే అతికించండి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో కలిస్తే సీసం కాలక్రమాన తుప్పు పట్టి ఉబ్బుతుంది, బాడీని లోపలి నుంచి పగలగొడుతుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. మూసేముందు బాడీని టేపుతో బిగించి, రెక్కలు తగిలించి, వెనక చక్రాలు వచ్చే చోట పెన్సిలు మీద నిలబెట్టి చూడండి. ముక్కు వైపు వాలితే చాలు. వాలాక కూడా, ఎందుకైనా మంచిది, ఇంకో రెండు గుండ్లు వేయండి.

3. అతుకు

ఇక్కడ తొందర వద్దు. పై పనులన్నీ ఒక్క ఆదివారంలో అయిపోవచ్చు, దీనికి మాత్రం వారం పట్టినా పట్టనివ్వండి.

ముందు జిగురు లేకుండా బాడీ రెండు సగాలూ కలిపి దీపానికి ఎదురుగా పట్టుకోండి. వెలుగు కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గుర్తు పెట్టండి. పాత ప్లాస్టిక్ వంకర తిరిగి ఉంటుంది. వేడినీళ్లలో కాసేపు ఉంచి, మెల్లగా సరిచేసి, చల్లనీళ్లలో ముంచండి. మరిగే నీళ్లు మాత్రం వద్దు. వంకర ముక్కను రబ్బరు బ్యాండ్లతో బలవంతంగా నొక్కి అతికిస్తే, రంగు వేశాక ఏదో ఒక రోజు అది తన దారి తాను చూసుకుంటుంది.

మొత్తం ఒకేసారి అతికించకండి. ముక్కు దగ్గర ఒక చుక్క వేసి గట్టిపడనివ్వండి, తర్వాత అంగుళం అంగుళం చొప్పున తోక వైపు వెళ్లండి. సిమెంటు వేసి కొన్ని క్షణాలు ఆగి నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పైకి పొంగుతుంది. దాన్ని తుడవకండి. సందు నింపేది అదే.

ఇప్పుడు రెండు రోజులు దాని జోలికి పోకండి. మండు వేసవి అయినా సరే, రెండు రోజులే. కరిగిన ప్లాస్టిక్‌లోని ద్రావకం మెల్లగా ఆవిరవుతూ అతుకు కుంగుతూ ఉంటుంది. మర్నాడే నున్నగా రుద్దేస్తే అప్పటికి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రంగు వేసిన వారానికి గీత తేలుతుంది. ఆ వీపు మీది గీతల్లో సగం ఇలా వచ్చినవే.

మిగిలిన సందులకు చాలామంది కార్ల పెయింటు షాపులో దొరికే పుట్టీ వాడతారు. నేను ఒప్పుకోను. పుట్టీ ఆరిన కొద్దీ ఎండిన చెరువు మట్టిలా కుంచించుకుపోతుంది, మళ్లీ నింపాలి, మళ్లీ ఆగాలి. ఫెవిక్విక్‌లో టాల్కమ్ పౌడర్ కలిపి పుల్లతో పూయండి. అది కుంగదు. ఒక్కటే షరతు: గట్టిపడిన గంటలోపు రుద్దేయాలి. రాత్రంతా వదిలేస్తే అది ప్లాస్టిక్ కన్నా గట్టిపడుతుంది. అప్పుడు రుద్దితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగి, పూత మాత్రం మిట్టలా మిగులుతుంది. వంటసోడా కలపమని కొందరు చెబుతారు. అది రాయిలా బిగుస్తుంది, వద్దు.

రుద్దేటప్పుడు 400తో మొదలుపెట్టి 600, 1000, 2000 వరుసగా, తడిపి రుద్దండి. ఒక్కటి దాటేసినా దాని గీతలు వెండి రంగు కింద బయటపడతాయి. అతుకు వెంబడి ముందుకూ వెనక్కీ రుద్దితే గుండ్రటి వీపు చదునైపోతుంది. ఎమరీ పేపరును స్పాంజి ముక్కకు చుట్టి, వీపు వంపును అనుసరిస్తూ అడ్డంగా రుద్దండి.

చివరగా పరీక్ష. బూడిదరంగు ప్రైమర్ చూసి సంతృప్తి పడకండి. అతుకు మీద మాత్రమే సన్నగా వెండి రంగు కొట్టి, గది దీపాలు ఆర్పి, టేబుల్ ల్యాంపును పక్క నుంచి ఏటవాలుగా పెట్టి చూడండి. గీత కనిపిస్తే మళ్లీ నింపండి, మళ్లీ రుద్దండి. విసుగ్గానే ఉంటుంది. ఓపిక లేకపోతే ఆలివ్ రంగు అమెరికన్ విమానం కట్టుకోండి, అది చాలా తప్పులను క్షమిస్తుంది.

రెక్కల అతుకు దగ్గర సందు పెద్దదైతే పూత వద్దు, పల్చటి ప్లాస్టిక్ షీటు చీలిక దూర్చండి. రెక్క కొస నుంచి కొసకు టేపు లాగి కడితే వంపు సమంగా నిలుస్తుంది.

4. రంగు, డికాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు)

అద్దాలకు టేపు వేయండి, నిగనిగలాడే నలుపు పూయండి, దాని మీద వెండి రంగు పల్చగా రెండు మూడు విడతలు. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, తేమ ఎక్కువున్న రోజు స్ప్రే క్యాన్ వార్నిష్ కొడితే తెల్లగా పొగబారుతుంది. ఎండ కాసే రోజు దాకా ఆగండి.

పసుపుబారిన పాత డికాల్స్‌ను కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనివ్వండి, చాలావరకు తేటపడతాయి. నీళ్లలో వేసే ముందు వాటి మీద ఒక పూత వార్నిష్ కొట్టండి, లేకపోతే ముక్కలైపోతాయి. మన వాయుసేన గుండ్రటి గుర్తులు విడిగా సంపాదించుకోవాలి. వాటిలో కాషాయం బయట, ఆకుపచ్చ నడుమ. తిరగేసి వేసినవి కూడా చూశాను. ప్రొపెల్లర్లు, తుపాకీ గొట్టాలు అన్నిటికన్నా చివర పెట్టండి.