మీలో మీరు ఏమనుకుంటున్నారో ముందు వినండి

తెలుగులో "ఆలోచించాను" అనే పెద్ద మాట ఇంట్లో ఎవరూ పెద్దగా వాడరు. "అనుకున్నాను" అంటాం. వెళ్దామనుకున్నాను, మానేద్దామనుకున్నాను, ఇంక అయిపోయిందనుకున్నాను. ఆ మాటని విడదీసి చూడండి, అను, కొను. మనకి మనం అనడం. అంటే ఇప్పుడు అఫర్మేషన్లు, సెల్ఫ్ టాక్ అని రీల్స్‌లో చెబుతున్న పని మనం మాటలొచ్చిన దగ్గర్నుంచీ చేస్తూనే ఉన్నాం, కాకపోతే ఏమంటున్నామో పట్టించుకోకుండా. దాన్ని కాస్త పట్టించుకుని ఒంటికి పనికొచ్చేలా ఎలా మార్చుకోవచ్చో నాకు తెలిసినంతవరకు చెబుతాను. నేను డాక్టర్ని కాను. రాజోలు దగ్గర కాలువ గట్టు పక్కన ఇల్లు, ఇంట్లోనే టైలరింగ్, నలభై నాలుగో ఏట షుగర్. నా అర్హతలు అంతే.

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను, మీరు చేయకుండా ఉంటారు. పరగడుపున 186 వచ్చింది. 126 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ కింద లెక్క. ఆ వారమే ఎవరో ఒక వీడియో పంపారు, పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాను" అని ఇరవై ఒక్కసార్లు అనమని. అన్నాను. మొదటి నాలుగు రోజులూ బాగానే ఉంది, ఆ తర్వాత అద్దంలో మనిషి నాకేసి అదోలా చూడటం మొదలుపెట్టింది. ఒక చేత్తో మాత్ర మింగుతూ నోటితో సంపూర్ణ ఆరోగ్యం అంటుంటే లోపల్నుంచి "ఎవరికి చెబుతున్నావే ఇది" అని వినబడేది. అక్కడితో ఆగినా బాగుండేది. బాగున్నాను బాగున్నాను అంటున్నాను కదా, ఇప్పుడు పరీక్షకి వెళ్తే ఆ మాట అబద్ధమైపోతుందేమోనని పరీక్ష మానేశాను, మాత్రలు కూడా రోజు విడిచి రోజుకి దించేశాను. నాలుగు నెలల తర్వాత కాళ్ళ తిమ్మిర్లు వచ్చి వెళ్తే 240.

దీంట్లో మన పెంపకం పాత్ర కూడా ఉందని నాకు అనిపిస్తుంది. మా అమ్మ దగ్గర "తల పగిలిపోతోందే" అనడానికి లేదు, "ఊరుకో, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అనేది. చెడ్డ మాట నోటంట రాకూడదు. మంచిదే. కానీ నోటితో అనకపోయినంత మాత్రాన లోపల ఆగుతుందా? పైకి "ఆయ్, బాగానే ఉన్నానండి", లోపల "ఛీ, దరిద్రపు ఒళ్ళు". తథాస్తు దేవతలకి లోపలిది వినబడదని మన ధీమా కాబోలు.

నాకు జరిగింది నా ఒక్కదానికే జరగలేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోయన్ వుడ్ అనే ఆవిడ, ఇంకొందరు కలిసి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. "నేను ప్రేమించదగ్గ మనిషిని" అనే మాటని పదేపదే అనుకోమంటే, తమ మీద తమకి అప్పటికే మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి కొంచెం బాగా అనిపించింది, లేనివాళ్ళకి మునుపటికంటే అధ్వానంగా అనిపించింది. మందు అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళకే అది వికటించిందన్నమాట. మనం నమ్మని మాటని నెత్తిన పెట్టుకుంటే లోపలి మనిషి వాదనకి దిగుతుంది, వాదనలో ఎప్పుడూ ఆవిడదే గెలుపు.

మరి ఏం చెప్పుకోవాలి? నాకు దారి చూపించింది మా గోదావరే. వరదొస్తే లంకల్లో ఎవరూ "వరద లేదు, వరద లేదు" అని జపం చెయ్యరు. "ధవళేశ్వరంలో ఎంతుందంట?" అని అడుగుతారు. అక్కడ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోది కూడా దాటినప్పుడు మా చిన్నత్త వాళ్ళింట్లో ఫోన్‌లో అంకె వినడం, పని చేయడం, అంతే. మొదటిదానికి గేదెల్ని గట్టెక్కించారు, రెండోదానికి బియ్యం, కాగితాలు అటక మీదకి వెళ్ళాయి, మూడోదానికి మనుషులు పడవ ఎక్కారు. మా అత్తకి భయం లేదని కాదు, వణుకుతూనే గేదె పలుపు విప్పింది. మనతో మనం మాట్లాడుకునే మాట కూడా అలాగే ఉండాలి: ఎంతుందో ఉన్నదున్నట్టు ఒక ముక్క, ఇప్పుడు చేతిలో ఉన్న పని ఒక ముక్క.

ఇక మొదలుపెట్టడం. మూడు రోజులపాటు ఏమీ మార్చొద్దు, వినండి చాలు. దగ్గర ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి, నేనైతే కొలతల పుస్తకంలోనే వెనకనుంచి రాశాను. అద్దంలో చూసుకున్నప్పుడు, మెట్లెక్కి ఆయాసపడ్డప్పుడు, మందుల డబ్బా తెరిచినప్పుడు, రాత్రి రెండింటికి మెలకువొచ్చినప్పుడు లోపల ఏ మాట వచ్చిందో అదే మాట రాయండి, బాగుచేసి రాయొద్దు. నా పుస్తకంలో తేలినవి: "ఇంక నా పనైపోయింది", "ఎప్పుడూ ఇంతే నేను", "నాన్నకి కాలు తీసేశారు, రేపు నాకూ అంతే". మూడో రోజు సాయంత్రం చదువుకుంటే ఒళ్ళు జలదరించింది, ఈ మాటలు నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఏ ఒక్క మనిషినైనా అంటే మళ్ళీ మా గుమ్మం తొక్కుతుందా? ఇలా అడక్కుండా వచ్చిపడే మాటల మీదే అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టర్ 1960ల్లో ఒక వైద్య పద్ధతినే కట్టాడు. ఆ మాటల్లో "ఎప్పుడూ", "అంతా", "అయిపోయింది" లాంటివి ఎక్కడున్నా కింద గీత గీయండి. మన కోత అక్కడే.

ఆ తర్వాత తిరగరాయడం. ఇది దుస్తుల ఆల్టరేషన్ లాంటిదే, పాత గుడ్డ పారేసి కొత్తది తేవడం కాదు, ఉన్నదాన్నే ఒంటికి సరిపడేలా చేయడం. "ఇంక నా పనైపోయింది" అన్నదాన్ని "నేను ఆరోగ్యవంతురాలిని" చేస్తే ఒంటికి పట్టదు. నేను ఇలా మార్చాను: "షుగర్ ఎక్కువే ఉంది. ఇవాళ మాత్ర వేసుకున్నాను, ఇంకా నడక మిగిలింది." "నాన్నకి కాలు తీసేశారు" అన్నది "నాన్న కాలిమీద పుండుని రెండు నెలలు ఎవరికీ చూపించలేదు. నేను రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకుంటాను" అయింది. ఈ రెండోది రాసినప్పుడు కళ్ళనీళ్ళు వచ్చాయి, కానీ ఆ రాత్రి నిజంగానే కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, వేళ్ళ సందుల్లో చూసుకున్నాను. షుగరున్న అందరూ చేయాల్సిన పనే అది, డాక్టర్ చెప్పినప్పుడు తలూపి వచ్చేశాను అంతే.

మాట మీ ఇంటి భాషలో ఉండాలి. "నా శరీరంలోని ప్రతి కణమూ దివ్య తేజస్సుతో" అని నేను జన్మలో ఎవరితోనూ అనలేదు, నాతో ఎందుకంటాను? రాసింది మీ వదినకి చదివి వినిపించండి, ఆవిడ నవ్వితే మళ్ళీ రాయండి.

మీకు మీరు "నేను" అని కాకుండా పేరు పెట్టి పిలుచుకుంటే ఇంకా బాగా పనిచేస్తుంది. ఇది నా సొంత కవిత్వం కాదు, మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్, ఆయన తోటివాళ్ళు 2014లో ప్రచురించిన పరిశోధనలో నలుగురి ముందూ మాట్లాడాల్సిన వాళ్ళని రెండు రకాలుగా చేసి చూశారు. "నాకెందుకింత భయం" అనుకున్నవాళ్ళకంటే, తమ పేరుతో తమని పిలుచుకుని "నువ్వెందుకు భయపడుతున్నావు" అని అడిగినవాళ్ళు తక్కువ కంగారుపడ్డారు, బాగా మాట్లాడారు కూడా. పక్కింటి వాళ్ళ కష్టానికి మనం ఎంత చక్కటి సలహాలిస్తామో తెలిసిందే కదా, అలా అరుగు మీద కూర్చున్న మనిషిలా మనల్ని మనం చూస్తామన్నమాట. నేను పేరు కూడా వాడను, "అమ్మాయ్" అనుకుంటాను. మా నాన్న నన్ను అలాగే పిలిచేవాడు, ఆ మాట వినగానే భుజాలు వాటంతటవే కిందకి దిగుతాయి. మా ఆయనైతే తనకి తను "ఏవండీ మేస్టారూ, కాస్త నిదానం" అనుకుంటాడు, ఆయన మేస్టారేం కాదు, రొయ్యల చెరువు చూసుకుంటాడు. మర్యాదగా పిలిస్తేనే మాట వింటాడట.

దీన్ని ఎక్కడ వాడాలో ఒకటి దగ్గరగా చెబుతాను. బీపీ చూసేటప్పుడు. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టడం మొదలవగానే నా చెవుల్లో గుండె దడదడలాడేది, "ఎక్కువొస్తుంది, ఎక్కువొచ్చేస్తుంది" అని లోపల పాట. నిజంగానే ఎక్కువొచ్చేది. ఆస్పత్రి కంగారుకే కొందరికి అంకె పైకెళ్తుందని నర్సమ్మ చెప్పింది. ఇప్పుడేం చేస్తున్నానంటే, అరగంట ముందు కాఫీ, టీ మానేస్తాను. వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకి ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను, చేయి గుండె ఎత్తున బల్లమీద. పైకి ఒక్క మాట మాట్లాడను. గాలి ఎక్కుతున్నప్పుడు లోపల మాత్రం, "అమ్మాయ్, అది పట్టీ బిగుసుకోవడం అంతే. అంకె ఎంతైనా రాసుకుందాం." ఊపిరి నెమ్మదిగా వదులుతాను. వచ్చిన అంకె కాగితం మీద వేస్తాను. ఎక్కువొచ్చిన రోజులు ఇప్పటికీ ఉన్నాయి, వాటినీ వేస్తాను, డాక్టరుకి కావలసింది అవే కదా.

ఇంకో రకం మాట ఉంది, "ఇలా అయితే అలా చేస్తాను" అని ముందే అనుకుని పెట్టుకోవడం. మనస్తత్వ శాస్త్రంలో పీటర్ గోల్‌విట్జర్ అనే ఆయన దీనిమీద చాలా పనిచేశారు, తీపి తగ్గించాలి అని గాల్లో అనుకోవడం కంటే ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో కట్టుదిట్టంగా అనుకుంటే జరిగే అవకాశం ఎక్కువని. మన కోనసీమలో ఇది లేకపోతే బతకలేం. పెళ్ళికెళ్తే విస్తట్లో ఆత్రేయపురం పూతరేకు, దాని పక్కన తాపేశ్వరం కాజా, వెనకాల నిలబడి "ఒక్కటే కదొదినా, ఏమవుద్ది, మా మీద కోపమా" అని ప్రేమగా పీకలమీదకి తెచ్చేవాళ్ళు. అక్కడ నిలబడి సంకల్పబలం వెతుక్కుంటే దొరకదు. అందుకే ఇంట్లో చీర కట్టుకుంటున్నప్పుడే అనుకుంటాను, "పూతరేకు వేస్తే సగం తుంచి తింటాను, మిగతా సగం ఆయన విస్తట్లో పెడతాను. కాజా వేయబోతే విస్తరి మీద చేయి అడ్డం పెడతాను." చేయి అడ్డం పెట్టాక కూడా వేసేస్తారు, అది వేరే సంగతి.

నడకకి మాత్రం ఆజ్ఞలు నాకు పనిచేయలేదు. "రోజూ గంట నడుస్తాను" అనుకున్న వారంలో రెండు రోజులు నడిచాను. ప్రశ్నగా అడిగితే లేస్తున్నాను, "అమ్మాయ్, ఇవాళ లాకుల దాకా వెళ్తావా?" 2010లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కూడా ఇలాంటిదే గమనించారు, "చేస్తాను" అనుకున్నవాళ్ళకంటే "చేస్తానా?" అని తమని తాము అడిగినవాళ్ళు ఇచ్చిన పని మెరుగ్గా చేశారట. ప్రశ్న అడిగితే మనసు జవాబు వెతుక్కుంటుంది. నా మనసు కొన్నిసార్లు "లాకుల దాకా కాదు, కొబ్బరి దిమ్మ దాకా" అని బేరమాడుతుంది, సరే అంటాను, తీరా గట్టెక్కాక చల్లటి గాలికి కాళ్ళు వాటంతటవే ముందుకెళ్తాయి.

ఎన్నిసార్లు అనుకోవాలి అని అడుగుతారు. లెక్క ముఖ్యం కాదు. వందేళ్ళ కిందట ఫ్రాన్స్‌లో ఎమిల్ కూయే అని ఒక మందుల షాపాయన ఉండేవాడు, ఈ అఫర్మేషన్లకి తాతలాంటి వాడు. "రోజురోజుకీ అన్నివిధాలా బాగుపడుతున్నాను" అనే అర్థమొచ్చే మాటని పొద్దునా రాత్రీ ఇరవైసార్లు అనుకోమని, లెక్క తప్పకుండా ఇరవై ముళ్ళేసిన తాడు పట్టుకోమని చెప్పేవాడు. మన జపమాలే. అందులో నాకు నచ్చింది ఒకటుంది, ఆయన మాటలో బాగుపడ్డానని లేదు, పడుతున్నానని ఉంది. నేను మాత్రం తాడు పెట్టుకోలేదు. రోజూ ఎలాగూ చేసే పనులకి మాటని ముడేశాను: మిషను సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒకసారి, రాత్రి దోమతెర దించేటప్పుడు ఒకసారి. రాత్రి రెండింటికి వచ్చే ఆలోచనలకి వేరే మాట లేదు, "ఇది రెండు గంటల మాట, పొద్దున్న చూద్దాం" అని పుస్తకంలో రాసి మూసేస్తాను. పొద్దున్న చూస్తే వాటిలో సగానికి సగం తేలిపోతాయి.

మాటలు చేయలేని పనులు కూడా చెప్పాలి. మాత్ర చేసే పని మాట చేయదు, ఇన్సులిన్ చేసే పని అసలే చేయదు. గుండెలో నొప్పి, మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం లాంటివి వస్తే ధైర్యం చెప్పుకుంటూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, చచ్చిపోవాలన్న మాట లోపల తిరుగుతున్నా, అది మీరొక్కరే సర్దుకోవాల్సిన మాట కాదు. 14416 టెలీమానస్, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే నంబరు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొహమాటపడకండి.

నా సంగతంటారా, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంటుంది కదా, అది 9.1 నుంచి ఏడాదిలో 7.2కి దిగింది. మాటలవల్ల అని నేననను. మాత్రలు, నడక, రాత్రి అన్నం తగ్గించడం. ఆ మూడింటి దగ్గరికీ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది మాత్రం ఆ "అమ్మాయ్"యే.

అప్పుడప్పుడు గండి పడుతుంది. మొన్న సంక్రాంతికి చుట్టాలు, అరిసెలు, పందేల సందడి, తొమ్మిది రోజులు నడక లేదు, పుస్తకం తెరవలేదు. కనుమ వెళ్ళిన నాలుగో రోజు పాత పాట మొదలైంది, "చూశావా, ఎప్పుడూ ఇంతే నువ్వు." గీత గీయాల్సిన మాట ఎక్కడుందో ఇప్పుడు తెలుసు కదా, "ఎప్పుడూ" కింద గీసి, పక్కన ఇది రాసుకున్నాను: "అమ్మాయ్, పండగ అయిపోయింది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి."